తమ్ముడి బొమ్మలు అక్కెందుకు సర్దాలి?

పోయిన ఆదివారం సాయంత్రం ఆరు దాటింది. మావారి మేనమామ ఫోన్ చేశారు. "తార్నాక మెట్రో కాడ దిగినం బిడ్డా, ఇంకో పది నిమిషాల్ల మీ ఇంట్ల ఉంటం" అన్నారు. "రండి మామయ్యా" అని ఫోన్ పెట్టేసి హాలు వైపు చూశాను. గుండె గుభేలుమంది. సోఫా ముందు బ్లాకులు, టీవీ కింద రైలు పట్టాలు, డైనింగ్ టేబుల్ కాళ్ల మధ్య జేసీబీ, ఆ జేసీబీ తొట్టి నిండా నా పోపులడబ్బాలోని ఆవాలు. కాలు పెట్టడానికి జాగా లేదు.

"చిన్నీ! హాల్లో బొమ్మలు తీసెయ్, తొందరగా!" అని వంటింట్లోంచే కేకేశాను.

చిన్ని మా అమ్మాయి. పదకొండేళ్లు. లోపలి గదిలో లెక్కలు చేసుకుంటోంది. బాబుకు ఆరేళ్లు. పరిచి ఉన్న బొమ్మలన్నీ వాడివే. వాడు సోఫాలో కూర్చుని నా ఫోన్ చూస్తున్నాడు.

"నావి కావు కదమ్మా" అంది చిన్ని, గుమ్మం దగ్గరకొచ్చి.

"తమ్ముడు చిన్నోడు కదే. నువ్వు పెద్దదానివి. ఎదురు చెప్పకు" అన్నాను.

అది ఇంకేమీ అనలేదు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వచ్చింది, వంగింది, ఏరడం మొదలుపెట్టింది. సోఫా కిందికి చెయ్యి పెట్టింది. అప్పుడు మావాడు ఏం చేశాడో తెలుసా? ఫోన్ మీంచి చూపు తిప్పకుండా రెండు కాళ్లూ పైకెత్తాడు. అక్క చెయ్యి పట్టడానికి ఎంత ఎత్తాలో అంత. అది బొమ్మలు లాగేసుకోగానే మళ్లీ దించాడు.

చేతిలో టీపొడి చెంచాతో నేను అలాగే నిలబడిపోయాను. ఈ కాళ్లెత్తడం వీడికి ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నేను ఊడుస్తుంటే వాళ్ల నాన్న పేపర్ చదువుకుంటూ సరిగ్గా అలాగే ఎత్తుతారు. పదహారేళ్లుగా ఎత్తుతున్నారు. పాపం, పనికి అడ్డం రాకుండా సహకరిస్తున్నారులే అని నేనూ ఇన్నాళ్లు సంతోషపడ్డాను!

చుట్టాలొచ్చారు. టీలు తాగారు. "ఇల్లు అద్దం లెక్క పెట్టుకున్నవమ్మా, ఇద్దరు పిల్లలున్న ఇల్లంటే ఎవరన్న నమ్ముతరా?" అని అత్తయ్యగారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకొచ్చింది. చిన్నికి లెక్కలు సగం మిగిలాయి. మావాడికి మామయ్యగారు ఇంకో కారు తెచ్చారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ రాతంతా ఆ నిద్ర పట్టకపోవడంలోంచి వచ్చిందే. అందుకే కొంచెం ఘాటుగా ఉంటుంది. నా మీద నాకు కోపం ఎక్కువగా ఉంది కాబట్టి మీరు నొచ్చుకోనక్కర్లేదు.

నేను అంటున్నది ఇదీ: మగపిల్లాడి బొమ్మలను ఆడపిల్లతో సర్దించడం మానేద్దాం. ఈ రోజు నుంచే. "కొంచెం సాయం చెయ్యమ్మా" అని బుజ్జగించి కూడా వద్దు. బొమ్మ ఎవరిదో సర్దుడు వాళ్లదే. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని మీకనిపిస్తే, ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో "తీసెయ్", "సర్దు", "ఎత్తిపెట్టు", "తుడువు" అనే మాటలు ఎవరి పేరు పక్కన వస్తున్నాయో వినండి. నేను విన్నాను. సోమవారం ఒక్కరోజులో చిన్నితో పదకొండుసార్లు అన్నాను. బాబుతో ఒక్కసారి అన్నాను, అది కూడా "చెప్పులు తీసెయ్" అని. అంటే విడిచెయ్ అని.

"వాడు చిన్నవాడు కదా, వాడికేం తెలుస్తుంది?" అంటారు. నేనూ అదే అనుకున్నాను, పేరెంట్స్ మీటింగులో వాడి టీచరు చెప్పింది గుర్తొచ్చేదాకా. "మీ బాబు చాలా నీట్ అండీ, ఆట పీరియడ్ అయ్యాక బ్లాకులన్నీ రంగులవారీగా పెట్టేది మీవాడే" అంది. నేను మురిసిపోయి వచ్చి అత్తమ్మకు కూడా చెప్పాను. ఆ మాట వెనక ఉన్నది అప్పుడు తట్టలేదు. బళ్లో అక్క ఉండదు, అమ్మ ఉండదు. వాడికి సర్దడం వచ్చు. ఎక్కడ సర్దాలో, ఎక్కడ కాళ్లెత్తితే సరిపోతుందో కూడా బాగా వచ్చు. చిన్నవాడే, తెలివితక్కువవాడు మాత్రం కాదు.

ఇక రెండోమాట: "ఆడపిల్లకు పని రావాలి కదా, రేపు అత్తారింట్లో..." ఈ వాక్యాన్ని పూర్తి చేయడానికి నాకిక ఓపిక లేదు. పని రావడం మంచిదే. తన పుస్తకాలు, తన బట్టలు, తను తిన్న కంచం. అది పని నేర్చుకోవడం. పక్కవాడు ఆడి పారేసినవి ఏరడం పని నేర్చుకోవడం కాదు, ఊడిగం నేర్చుకోవడం.

అసలు ఈ బొమ్మలు ఇన్నెందుకయ్యాయో కూడా చెప్పాలి.

మామయ్యగారు ఉస్మానియా యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అప్పటిదాకా క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. చిన్నికి నాలుగేళ్లు అక్కడే గడిచాయి. పాతకాలపు ఇల్లు, వర్షమొస్తే ఒక మూల కారేది, కరెంటు బోర్డు ముట్టుకుంటే జిల్లుమనేది. కానీ ముందు వాకిలి, వెనక పెరడు. చిన్ని బొమ్మలంటే చింతగింజలు, అగ్గిపెట్టెలు, వేపకాయలు, సీతాఫలం గింజలు. ఎండాకాలం తురాయిపూలు రాలితే మొగ్గలు విప్పి రెప్పలు గోళ్లకు అంటించుకునేది, లోపలి కేసరాలతో పక్కింటి పిల్లలతో కోడిపందాలు ఆడేది. సాయంత్రమయ్యాక వాటిని "సర్దడం" అంటే ఒక పొరక దెబ్బ. చెత్తంతా చెట్టు మొదట్లోకి పోయేది. దానికోసం నేను బుట్ట కొనలేదు, లేబుల్ అతికించలేదు, ఎవరినీ తిట్టలేదు.

తార్నాకలో ఫ్లాట్‌కు మారాం. రెండు బెడ్రూములు, ఆరుగురం. కింద సెల్లార్ నిండా కార్లు, వీధి నిండా కార్లు. పిల్లలు గేటు దాటితే మాకు ప్రాణం గిలగిల. నిజానికి క్యాంపస్ ఎంతో దూరం లేదు. వెయ్యెకరాలకు పైగా జాగా అది. ఆదివారం పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందుకు వెళ్లి చూడండి, నడిచేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, క్రికెట్ ఆడేవాళ్లు, తిరునాళ్లలా ఉంటుంది. కానీ ఆరేళ్లవాడిని అక్కడికి తీసుకెళ్లడానికి ఒక పెద్దమనిషి కావాలి, గంట టైం కావాలి. ఆ గంట ఎవరికీ లేదు. గంట బదులు బొమ్మ కొంటాం. మైదానం ఇవ్వలేనందుకు ప్లాస్టిక్ మైదానం, మట్టి ఇవ్వలేనందుకు రంగుల పిండిముద్ద. మా హాల్లో ఉన్నది బొమ్మలు కావు, మేం పిల్లలతో గడపని సాయంత్రాలు. వాటిని ఎవరు ఏరాలి అని ఇప్పుడు ఇంట్లో తగాదా.

వీటికి తోడు బర్త్‌డేలు. మనం ఒకరికి గిఫ్టు ఇస్తాం, వాళ్లు తిరిగి రిటర్న్ గిఫ్టు ఇస్తారు. ఇరవైమంది క్లాసుమేట్లుంటే ఇరవై ఈలలు, ఇరవై పిచికారీలు, ఇరవై మెరుపు బంతులు. విదేశీ బొమ్మల మీద కేంద్రం దిగుమతి సుంకం 2020లో ఇరవై శాతం నుంచి అరవైకి పెంచింది, 2023లో డెబ్భై చేసింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాల్సిందేనంది. దేశంలోకి వచ్చేవాటి సంగతేమో కానీ మా ఇంట్లోకి దిగుమతి మాత్రం తగ్గలేదు. మంగళవారం మధ్యాహ్నం అన్నీ హాల్లో కుమ్మరించి లెక్కపెట్టాను. 186 దగ్గర ఆపేశాను. అందులో చక్రాలు సరిగ్గా ఉన్న బండ్లు తొమ్మిది.

విరిగినవన్నీ ఒక సంచిలో వేసి మా పనమ్మాయికి ఇవ్వబోయాను. మాణికేశ్వరి నగర్ నుంచి వస్తుంది. ఆమెకూ అయిదేళ్ల కొడుకున్నాడు. సంచిలోకి తొంగిచూసి, "చక్రం లేని కారు మా పోరడేం జేస్కుంటడమ్మా? ఇస్తే మంచిది ఇయ్యి, లేకుంటే చెత్తబండిల ఎయ్యి" అంది. నా మొహం మాడిపోయింది. నిజమే కదా. మన ఇల్లు ఖాళీ కావడానికి వాళ్ల ఇల్లు నింపడాన్ని దానం అనుకుంటాం. ఆమె పెద్దమనిషి కాబట్టి అంతటితో వదిలేసింది. ఆమె మీద ఇంకో బాకీ కూడా ఉంది. రోజూ పొద్దున పొరక పట్టుకుని నిలబడి, "బొమ్మలు తీస్తేనే పొరక పడ్తదమ్మా" అంటుంది. ఆ తీసే పనికి ఆమెకు జీతం లేదు, అందుకే పద్ధతిగా అడుగుతుంది. నేను బడికి తయారవుతున్న చిన్నిని పిలుస్తాను. చూశారా, ఇంటికి వచ్చి పనిచేసే మనిషికి కూడా ఇది నా పని కాదు అనే హక్కుంది. ఇంట్లో పుట్టిన పిల్లకు లేదు.

బుట్టల సంగతికొస్తాను. రెండేళ్ల కిందట ఒక వీడియో చూసి ₹2,400 పెట్టి ఎనిమిది బుట్టలు కొన్నాను. లేత గోధుమరంగువి. ఆ వీడియోలో ఇల్లు చూస్తే కళ్లు తిరిగాయి. తెల్లటి గోడలు, తెల్లటి అల్మరా, బుట్టల మీద అందమైన అక్షరాలు. "కార్లు", "బ్లాకులు", "జంతువులు" అని నేను కూడా చేత్తో రాసి అతికించాను. తెలుగు బి.ఏ. చదివినందుకు నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, అదొక్కటే మిగిలింది. వారం తిరిగేసరికి ఏమైంది? పిల్లలు బుట్ట బోర్లించి ఆడుకుంటారు. తర్వాత ఏది ఏ బుట్టలో వెయ్యాలో వేరుచేసే పని కొత్తగా పుట్టింది. ఇంతకుముందు ఒక కుప్ప ఎత్తితే సరిపోయేది. ఇప్పుడు రాత్రి పదిన్నరకు ఏనుగు జంతువుల్లోకా, చక్రాలున్న ఏనుగు కార్లలోకా అని ఆలోచిస్తూ నేల మీద కూర్చునేది నేను. ఆ వీడియోల్లో ఎప్పుడైనా గమనించారా? సర్దే చేతులకు గాజులో, గోళ్లరంగో ఉంటుంది. నేను చూసినవాటిలో ఒక్కదాంట్లో కూడా గడియారం పెట్టుకున్న వెంట్రుకల చెయ్యి కనబడలేదు.

సర్దుడు విద్యతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జపాన్ ఆవిడ ఉంది కదా, మారీ కోండో. మూడో బిడ్డ పుట్టాక ఇంటిని అలా ఉంచడం దాదాపు వదిలేశానని 2023లో ఆవిడే ఒప్పుకుంది. నాకు ఆవిడ మీద గౌరవం ఆ రోజు పెరిగింది. కానీ అప్పటికే మనందరం బుట్టలు కొనేశాం.

పిల్లల అల్మరా ఎలా ఉండాలో వందేళ్ల కిందటే ఒకావిడ చెప్పింది. మరియా మాంటిసోరి. మన బడుల బోర్డుల మీద ఆవిడ పేరు ఇప్పటికీ వేలాడుతోంది, ఆవిడ మాట మాత్రం లోపలికి పోలేదు. 1907లో రోమ్‌లో కూలీనాలీ జనం ఉండే పేటలో పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం కారణంగా ఇక్కడే చిక్కుకుని, 1946 దాకా మన దేశంలో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆవిడ పెట్టింది పిల్లాడి చేతికందే ఎత్తులో అల్మరా. కొన్నే వస్తువులు. ప్రతిదానికీ ఒక చోటు. తీసినవాడే తెచ్చి పెట్టాలి. ఊడవడం, తుడవడం, బల్ల మీద కంచాలు పెట్టడం కూడా అక్కడ పాఠాలే. ఆడపిల్లలకు ఒక పాఠం, మగపిల్లలకు ఒక పాఠం అని లేదు. ఇక బొమ్మలు ఎన్నుండాలి అంటారా, 2018లో అమెరికాలోని టొలీడో యూనివర్సిటీవాళ్లు 36 మంది బుడిబుడి నడకల పిల్లల్ని ఆడించి చూశారు. 16 బొమ్మలు ముందు పెడితే దేనితోనూ నిలకడగా ఆడలేదట. 4 పెడితే ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారట. మా 186 ఎక్కడ, వాళ్ల 4 ఎక్కడ!

"పాతకాలంలో ఈ గోల లేదు" అని పెద్దవాళ్లంటారు. బొమ్మల గోల లేదు, నిజమే. ఏరే గోల మాత్రం అప్పుడూ ఉంది. మా ఎదురింటి పిన్నిగారు రాజమండ్రివాళ్లు. సంక్రాంతికి బొమ్మలకొలువు పెడతారు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి చెక్కవి, ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద లక్కరంగువి, ఇంకా వాళ్ల అమ్మమ్మ కాలంనాటి మట్టిబొమ్మలు. పండగయ్యాక ఒక్కోదాన్నీ పాత చీరముక్కలో చుట్టి ట్రంకుపెట్టెలో పెడతారు. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో ఆవిడకు కంఠతా వచ్చు. బొమ్మలు సర్దడమంటే అదీ అని ముచ్చటపడి, చిన్నిని తీసుకుని సాయానికి వెళ్లేదాన్ని. పోయిన సంక్రాంతికి చూశాను. పిన్నిగారు, వాళ్ల కోడలు, మనవరాలు, నేను, చిన్ని. చుట్టి పెడుతున్నది మేం అయిదుగురం. వాళ్ల మనవడు వరండాలో గాలిపటానికి దారం కడుతున్నాడు. ఎవరూ వాణ్ని రమ్మనలేదు. వాడికీ రావాలని తోచలేదు.

ఆటల్లోనే ఉంది కిటుకంతా. ఆడపిల్లకు లక్కపిడతలు కొనిచ్చాం, గుజ్జనగూళ్లు వండుకొమ్మన్నాం. పోతన రుక్మిణి రాచబిడ్డ అయినా చిన్నప్పుడు బొమ్మల పెళ్లిళ్లు చేసింది, గుజ్జనగూళ్లు వండించి చెలికత్తెలకు పెట్టించింది. అటు రేపల్లెలో ఆవిడకు కాబోయేవాడు ఇంటింటికీ దూరి పాలకుండలు, వెన్నకుండలు పగలగొట్టి వెళ్లాడు. ఆ పెంకులు ఎవరు ఎత్తారో బి.ఏ.లో మూడేళ్లు చదివినా నాకు కనబడలేదు. (దేవుడి మీద పరాచికం అనుకోకండి. నేను రోజూ దీపం పెట్టే మనిషినే.) ఇప్పుడు లక్కపిడతలు పోయి గులాబీరంగు కిచెన్ సెట్టు వచ్చింది, అంతే తేడా. చిన్ని మూడో పుట్టినరోజుకు మూడు కిచెన్ సెట్లు, ఒక బుజ్జి చీపురు సెట్టు వచ్చాయి. బాబుకు ఇప్పటిదాకా ఒక్క చీపురు కూడా ఎవరూ ఇవ్వలేదు.

పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ మీరు చదివే ఉంటారు. ఇల్లు తుడిచీ, ముగ్గులు పెట్టీ, ఇల్లాలు తన పేరే మరచిపోతుంది. కాలేజీలో ఆ కథ గురించి మాట్లాడుకున్నప్పుడు ఎంత ఆవేశపడ్డామో! నా పేరు నేను ఎన్నటికీ మరవను అనుకున్నాను. నిజంగానే మరవలేదు. కానీ పదకొండేళ్ల పిల్ల చెవి వెనక పెన్సిలుతో వంగి ఏరుతుంటే, ఆ కథలో అమ్మాయి చిన్నప్పుడు ఎలా ఉండేదో చూసినట్టయింది.

లెక్కలు కావాలనేవాళ్లకు లెక్కలున్నాయి. 2024లో కేంద్రం దేశమంతా ఎవరి సమయం ఎటు పోతోందని సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు చేస్తున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. "చేసే" అన్నమాట వదిలేయకండి. ఆడవాళ్లలో నూటికి ఎనభై ఒక్కమందికి పైగా చేస్తుంటే, మగవాళ్లలో ఇరవై ఏడుగురే చేస్తున్నారు. మిగిలినవాళ్లు ఆ 88 లోకి కూడా రారు. 2019 సర్వేలో ఇవే అంకెలు 299, 97. అంటే అయిదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గాయి, వాళ్లకు తొమ్మిది. ఈ చొప్పున ఎప్పటికి సమానమవుతామో చిన్నితో లెక్క కట్టించాలి, లెక్కలు పూర్తి చేసుకోనిస్తే. ఇంకో సంగతి, ఆ సర్వే ఆరేళ్లు నిండినవాళ్ల నుంచి లెక్కపెడుతుంది. మావాడికి ఆరు నిండాయి. సర్కారు లెక్క ప్రకారం వాడు నిన్నమొన్న ఇంటిపని వయసుకొచ్చాడు. ఎటువైపు అంకెలోకి చేరాలో ఇప్పుడు తేలాలి.

మావారితో మాట్లాడాను. "అంత సీరియస్సా? పిల్లలన్నాక పడేస్తారు, నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావ్" అన్నారు. "పడేయడం గురించి కాదండీ, ఏరడం గురించి" అన్నాను. "అయితే పనమ్మాయికి ఇంకో అయిదొందలు ఎక్కువిద్దాం" అన్నారు. మగవాళ్ల దగ్గర ఈ సమస్యకు ఎప్పుడూ ఉండే పరిష్కారం ఇదే, ఇంకో ఆడమనిషి.

అత్తమ్మ అడ్డుపడతారేమోనని భయపడ్డాను. పూజగదిలోంచి అంతా విన్నారు. బయటికొచ్చి, "నేను నా కొడుక్కి నేర్పకపోతి, నువ్వు పడ్తున్నవ్. నువ్వు నీ కొడుక్కి నేర్పకపోతే వచ్చేటామె పడ్తది. నన్నయితే నువ్వు మనసుల తిట్టుకున్నవ్, ఆమె నిన్ను మొఖం మీదనే తిడ్తది" అన్నారు. నేను మనసులో తిట్టుకున్న సంగతి ఆవిడకు తెలుసని నాకు ఆ రోజు తెలిసింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే చిక్కుడుకాయలు ముందేసుకుని, బాబును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఈనెలు తీయించారు. సగం కాయలు పాడుచేశాడు. ఏమీ అనలేదు.

మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది చెబుతాను. ఇదే సరైనదని కాదు. లేత గోధుమరంగు బుట్టలు ఉల్లిపాయలకు, ఐరన్ బట్టలకు పోయాయి. బొమ్మలు ఇరవై మాత్రం బయట ఉంచి, మిగతావి అట్టపెట్టెల్లో కట్టి సజ్జ మీదకు ఎక్కించాం. నెలకోసారి దించి మార్చడం వాళ్ల నాన్న పని. స్టూలు ఎక్కాలి కాబట్టి మగతనానికి లోటు రాదని ఒప్పుకున్నారు. కింద బాబు నడుము ఎత్తులో ఒకే ఒక్క పెట్టె. లేబుళ్లు లేవు. రాత్రి ఏడున్నర దాకా ఎంత పరుచుకున్నా ఎవరూ తిట్టకూడదు, ఏడున్నరకు వాడే పెట్టెలో వెయ్యాలి. చుట్టాలు ముందే వస్తే, బొమ్మలు తొక్కకుండా వాళ్లే చూసుకుని కూర్చుంటారు. ఇది మాత్రం నాకు చచ్చేంత కష్టంగా ఉంది. కాలింగ్ బెల్ మోగితే చాలు, నా చేతులు వాటంతట అవే నేల మీదకు పోతున్నాయి. ఇల్లు చిందరవందరగా ఉంటే నాలో ఏదో లోపం బయటపడినట్టు లోపల్నుంచి ఒకటే సిగ్గు. ఈ సిగ్గు మావారికి లేదు. అదే ఇంట్లో, అదే సోఫాలో, అదే జేసీబీ పక్కన కూర్చుని చుట్టాలతో హాయిగా మాట్లాడతారు. ఇల్లు ఇద్దరిదీ, సిగ్గు నాదొక్కదానిదే.

మొదటి మూడురోజులు మావాడు అన్ని ఎత్తులూ వేశాడు. కడుపునొప్పి అన్నాడు. నిద్రొస్తోందన్నాడు. "అక్క ఫాస్ట్‌గా చేస్తుంది కదమ్మా" అని తియ్యగా అన్నాడు. అది నా మాటే, నాకే తిప్పికొట్టాడు. నాలుగోరోజు బ్లాకులన్నీ సోఫా కవరు కిందకు తోసి "అయిపోయింది" అన్నాడు. మామయ్యగారు వచ్చి వాటి మీద కూర్చున్నారు. ఆ కేక మూడో అంతస్తుకు వినబడింది.

నిన్న రాత్రి ఏడున్నర అయింది. వాడు పెట్టెలో అన్నీ వేశాడు, ఆర్టీసీ బస్సొకటి తలుపు పక్కన మరిచిపోయాడు. చిన్ని మంచినీళ్లకు అటుగా వెళ్తూ, చూడకుండానే వంగి దాన్ని అందుకుంది.

"వదిలెయ్ చిన్నీ, అది నీది కాదు" అన్నాను.

"అలవాటైపోయిందమ్మా" అంది. చేతిలో బస్సు ఏం చేయాలో తెలియక నా వైపు చూసింది. పదకొండేళ్లకే అలవాటైపోయింది. మళ్లీ తలుపు పక్కనే పెట్టించాను. పెట్టి, నీళ్లు తాగి, వెళ్లి పుస్తకం తీసుకుంది.

బస్సు రాత్రంతా అక్కడే ఉంది. పొద్దున అయిదింటికి పాలప్యాకెట్లు తీసుకోవడానికి చీకట్లో వెళ్లి, సరిగ్గా దాని మీదే కాలేశాను. మడమ దగ్గర ఇప్పటికీ కమిలి ఉంది. నేను మాత్రం తియ్యలేదు. వాడు ఏడింటికి లేస్తాడు.